తేనెటీగల జబ్బుపై ఫేజ్: దాని జీనోమ్‌ను చదివి తేల్చుకునే సమగ్ర మార్గదర్శి

బ్యాక్టీరియాకు పట్టే వైరస్‌లను ఫేజ్‌లు అంటారు. తేనెటీగల పిల్లపురుగులను చంపే పెనిబాసిల్లస్ లార్వే అనే బ్యాక్టీరియాకూ ఇలాంటి ఫేజ్‌లు ఉన్నాయి. తేనెపెట్టెల కింది మట్టిలో, మైనంలో, జబ్బుపడిన తేనెపట్టులో వెతికితే దొరుకుతాయి. మైనం కలిసిన లిప్ బామ్‌లో కూడా దొరికాయి. కాబట్టి దొరకడం పెద్ద సమస్య కాదు. దొరికిన ఫేజ్ బ్యాక్టీరియాను చంపి బయటపడే రకమా, లేక దాని డీఎన్ఏలోనే కాపురం పెట్టే రకమా అన్నదే అసలు ప్రశ్న. మందుగా పనికొచ్చేది మొదటి రకమే. ఆ ప్రశ్నకు గట్టి జవాబు జీనోమ్‌లో, అంటే ఫేజ్ మొత్తం డీఎన్ఏ అక్షరాల వరుసలో ఉంటుంది.

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదువుతున్నవాళ్లను, జీనోమ్ పని కొత్తగా మొదలుపెట్టినవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీకు లాబ్ లేకపోయినా ఫరవాలేదు. ఎన్‌సీబీఐ (అమెరికా బయోటెక్నాలజీ సమాచార కేంద్రం) వారి జెన్‌బ్యాంక్ అనే డేటాబేస్‌లో ఈ ఫేజ్‌ల జీనోమ్‌లు ఉచితంగా ఉన్నాయి. ఒకటి దించుకుని, దాని మీద ఇతరులు పెట్టిన జీన్ గుర్తులన్నీ తీసేసి, ఉత్త అక్షరాల వరుసతో ఆరో మెట్టు నుంచి పని మొదలుపెట్టండి. చివర్లో మీ గుర్తులను వాళ్ల గుర్తులతో పోల్చి చూసుకోవచ్చు. ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

మొదట జబ్బు గురించి కొంచెం

ఈ జబ్బు పేరు అమెరికన్ ఫౌల్‌బ్రూడ్. పేరులో అమెరికా ఉన్నా ప్రపంచంలో చాలాచోట్ల కనిపిస్తుంది. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లపురుగు మొదటి ఒకటిన్నర రోజు చాలా సున్నితంగా ఉంటుంది. ఆ వయసులో ఆహారంతో పాటు పదిదాకా స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రావస్థలో ఉండే బ్యాక్టీరియా రూపాలు) కడుపులోకి పోయినా చాలు, జబ్బు పడుతుంది. స్పోర్లు పేగులో మొలకెత్తి, పెరిగి, పేగు గోడ దాటి లోపలికి చేరతాయి. చచ్చిన పురుగు గోధుమరంగు జిగురులా మారుతుంది. అగ్గిపుల్లతో గుచ్చి లాగితే తీగలా సాగుతుంది. పెంపకందారులు ఈ జబ్బును పట్టుకునే పాత పద్ధతి ఇదే. ఆ జిగురు ఎండి పట్టు గది అడుగున పొలుసులా అతుక్కుంటుంది. అందులోని స్పోర్లు దశాబ్దాల పాటు బతికే ఉంటాయి.

యాంటీబయాటిక్‌లు పెరుగుతున్న కణాలనే చంపుతాయి, స్పోర్లను కావు. మందు ఆపగానే జబ్బు తిరిగి రావడానికి కారణం అదే. తేనెలో మందు అవశేషాలు మిగలడం, బ్యాక్టీరియా మందుకు లొంగకుండా పోవడం అదనపు తలనొప్పులు. అందుకే చాలా దేశాల్లో జబ్బుపడిన పెట్టెను పట్టుతో సహా కాల్చేయడమే ఇప్పటికీ మొదటి దారి. ఫేజ్‌కు కూడా స్పోర్ లొంగదని గుర్తుపెట్టుకోండి. ఫేజ్ లోపల పెరగాలంటే మొలకెత్తిన సజీవ కణం కావాలి. కాబట్టి ఫేజ్ పని చేయాల్సిన చోటు పిల్లపురుగు పేగు. కాల్చాల్సిన పెట్టెను అది కాపాడలేదు.

మన దగ్గర తేనెటీగలు పెంచేవాళ్లకు ఒక మాట. 1990ల మొదట్లో దక్షిణ భారతంలో ఏపిస్ సెరానా జాతి తేనెటీగలను దెబ్బతీసిన థాయ్ శాక్‌బ్రూడ్ వేరే జబ్బు. అది నేరుగా తేనెటీగకే పట్టే వైరస్. దాని మీద ఫేజ్‌లు పనిచేయవు. పిల్లపురుగులు చస్తున్నాయంటే ముందు ఏ జబ్బో తేల్చుకోవాలి, తర్వాతే ఫేజ్ మాట.

ఇప్పటిదాకా తెలిసింది

ఈ బ్యాక్టీరియాకు పట్టే ఫేజ్‌లను 1950లలోనే వేరుచేశారు. కానీ జీనోమ్ చదవడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. 2013లో పోర్చుగల్ శాస్త్రవేత్తలు ఫై-ఐబీబీ-పీఎల్23 అనే ఫేజ్ జీనోమ్‌ను ప్రచురించారు. దాని పొడవు 41,294 అక్షరాలు. 2015లో అమెరికా నుంచి ఒకేసారి ఆరు వచ్చాయి: దివా, లిలీ, రాణి, రెడ్‌బడ్, షెల్లీ, సితార. అవును, రాణి, సితార. ఫేజ్ దొరికినవాళ్లే దానికి పేరు పెట్టడం ఈ రంగంలో ఆనవాయితీ, అందుకే జాబితా చదువుతుంటే పెళ్లిపిలుపుల చిట్టాలా ఉంటుంది.

2018కి లెక్క 48కి చేరింది. ఆ 48నీ పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం మీ పనికి పునాది. అందులో తేలినవాటిలో మీకు పదేపదే అవసరమయ్యేవి ఇవి. ఎక్కువ ఫేజ్‌ల జీనోమ్ 38 నుంచి 45 వేల అక్షరాలు. కొన్నింటిది 50 నుంచి 55 వేలు. చిన్నవాటికీ పెద్దవాటికీ డీఎన్ఏను తలలోకి (దాన్ని మోసే ప్రోటీన్ పెంకులోకి) సర్దుకునే పద్ధతి వేరు. మొత్తం నాలుగు గుంపులు, ఏ గుంపులోనూ ఇమడని ఒంటరి లిలీ. తల, తోక తయారుచేసే జీన్‌లు ముందు భాగంలో ఉంటాయి, ఒకే గుంపులో దాదాపు ఒకేలా ఉంటాయి. నియంత్రణ, డీఎన్ఏ నకలు పనులు చూసే జీన్‌లు మధ్యలో, వెనక ఉంటాయి, ఒకే గుంపులో కూడా మారిపోతుంటాయి. దాదాపు సగం ప్రోటీన్‌లకే ఏదో ఒక పని ఊహించగలిగారు.

1. ఫేజ్‌ను శుద్ధి చేయడం

లాబ్ పని మీద చాలా మాన్యువల్స్ ఉన్నాయి కాబట్టి త్వరగా చెప్పి దాటేస్తాను. అగర్ మీద బ్యాక్టీరియా పొరలో ఫేజ్ చేసే గుండ్రటి ఖాళీ మచ్చను ప్లాక్ అంటారు. ఒక ప్లాక్‌ను తీసి మళ్లీ పరచడం కనీసం మూడుసార్లు చేయాలి. పెనిబాసిల్లస్ లార్వే మనుషులకు జబ్బు తేదు. కానీ తేనెటీగలకు ఎంత ప్రమాదమో పైన చూశారు కదా. పెంపకం పెట్టెలున్న చోట ఈ కల్చర్ పెట్టకండి. వాడిన ప్రతిదాన్నీ ఆటోక్లేవ్ చేయండి. స్పోర్లు ఉంటాయి కాబట్టి ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోదు.

ఒక్క చిక్కు మాత్రం ఇక్కడే చెప్పాలి. ఈ బ్యాక్టీరియా రకాల్లో చాలావాటి జీనోమ్‌లో పాత ఫేజ్‌లు ముందే దాగి ఉంటాయి. మీరు మీ ఫేజ్‌ను పెంచుతుంటే ఆ దాగినది నిద్రలేచి మీ గొట్టంలోకి కలిసిపోవచ్చు. తర్వాత సీక్వెన్సింగ్‌లో (డీఎన్ఏ అక్షరాలను యంత్రంతో చదవడంలో) ఒక ఫేజ్ బదులు రెండు కనబడితే టెన్షన్ పడకుండా ముందు దీన్ని అనుమానించండి. వాడే బ్యాక్టీరియా జీనోమ్ ముందే చదివి ఉంటే, అందులో ఏ ఫేజ్‌లు దాగున్నాయో ఫాస్టెస్ట్ అనే వెబ్ సాధనంతో చూసి పెట్టుకుంటే సగం గొడవ తప్పుతుంది.

2. డీఎన్ఏ తీయడం

ఫేజ్ తల లోపలి డీఎన్ఏను తీసేముందు బయట తేలుతున్న బ్యాక్టీరియా డీఎన్ఏను తుడిచేయాలి. ముందు డీఎన్ఏస్, ఆర్ఎన్ఏస్ ఎంజైమ్‌లు వేస్తారు. తల పెంకు లోపలున్న ఫేజ్ డీఎన్ఏకు అవి ఏమీ చేయలేవు. తర్వాత వేడి, ఈడీటీఏతో ఆ ఎంజైమ్‌లను చంపి, ప్రొటీనేస్-కె, ఎస్‌డీఎస్‌తో పెంకును కరిగించి డీఎన్ఏను కడిగి తీస్తారు. డీఎన్ఏస్‌ను చంపే దశ మర్చిపోతే పెంకు కరిగిన మరుక్షణం అది మీ ఫేజ్ డీఎన్ఏను కూడా తినేస్తుంది.

3. ఎంత సీక్వెన్సింగ్ కావాలి

చాలా తక్కువ. 45 వేల అక్షరాల జీనోమ్‌ను సగటున వందసార్లు చదవాలంటే 45 లక్షల అక్షరాలు చాలు. ఇల్యుమినా యంత్రంలో రెండు వైపుల నుంచి 150 చొప్పున చదివితే ఒక్కో జతకు 300 అక్షరాలు. అంటే 15 వేల జతలు. యంత్రం ఒక్కసారి నడిస్తే లక్షల జతలు ఇస్తుంది. కాబట్టి చాలా ఫేజ్‌లకు వేర్వేరు బార్‌కోడ్‌లు (గుర్తింపు కోసం అతికించే చిన్న డీఎన్ఏ ముక్కలు) పెట్టి ఒకే రన్‌లో కలపండి, ఖర్చు పంచుకోండి.

లైబ్రరీ (యంత్రానికి ఎక్కించడానికి ముక్కలుగా సిద్ధం చేసిన డీఎన్ఏ) చేసే పద్ధతిని మాత్రం ఇప్పుడే అడిగి తెలుసుకోండి. నెక్స్‌టెరా వంటి ట్రాన్స్‌పోసేస్ కిట్‌లు సులువు, కానీ డీఎన్ఏ అసలు కొనలు ఎక్కడున్నాయో చెప్పే ఆనవాలును అవి చెరిపేస్తాయి. కొనలు కనిపెట్టాలంటే యాంత్రికంగా ముక్కలు చేసి అతికించే లైబ్రరీ కావాలి. సీక్వెన్సింగ్ సంస్థలు ఈ విషయం వాటంతటవి చెప్పవు.

4. రీడ్స్ నుంచి ఒక్క ముక్కదాకా

వచ్చిన రీడ్స్ (యంత్రం చదివిన చిన్న వరుసలు) నాణ్యతను ఫాస్ట్‌క్యూసీతో చూడండి, అడాప్టర్లను (లైబ్రరీ చేసేటప్పుడు అతికించిన కొసలను), చెడ్డ కొనలను ఫాస్ట్‌పీతో కత్తిరించండి. లైనక్స్ భయమైతే ఇవన్నీ గెలాక్సీ అనే ఉచిత వెబ్ వేదికలో మౌస్‌తోనే చేయొచ్చు.

తర్వాత చాలామంది చేసే పని, ఉన్న రీడ్స్ అన్నింటినీ, వాటిని అతికించి జీనోమ్ కట్టే స్పేడ్స్ అసెంబ్లర్‌కు ఇచ్చేయడం. ఎక్కువ డేటా ఉంటే ఫలితం బాగుంటుందనుకుంటాం. ఇక్కడ కాదు. ఒక్కో అక్షరాన్ని ఐదువేలసార్లు చదివితే, యంత్రం చేసే అరుదైన తప్పులు కూడా చాలాసార్లు పునరావృతమై నిజమైన తేడాల్లా కనిపిస్తాయి. అసెంబ్లర్ తికమకపడి జీనోమ్‌ను ముక్కలు చేస్తుంది. సెక్‌టీకే సాధనంతో యాదృచ్ఛికంగా కొన్ని రీడ్స్ తీసి, కవరేజ్ (ఒక్కో అక్షరాన్ని సగటున ఎన్నిసార్లు చదివారన్న లెక్క) 100 నుంచి 200 మధ్య ఉండేలా తగ్గించి మళ్లీ నడపండి. ముక్కలుగా వచ్చిన జీనోమ్ ఒక్క కాంటిగ్‌గా (తెగకుండా సాగే వరుసగా) అతుక్కోవడం చాలాసార్లు దీనితోనే అయిపోతుంది.

ఇప్పుడు కాంటిగ్‌ల జాబితాలో పొడవును, కవరేజ్‌ను కలిపి చదవాలి. 40 వేల అక్షరాలు, 150 కవరేజ్ ఉన్న ఒక్క కాంటిగ్ వచ్చి, మిగతావన్నీ చిన్నచిన్నవై 1, 2 కవరేజ్‌తో ఉంటే పని శుభ్రంగా అయినట్టే. ఆ చిన్నవి బ్యాక్టీరియా డీఎన్ఏ చెత్త. 40 వేలదొకటి 150 కవరేజ్‌తో, 43 వేలదొకటి 20 కవరేజ్‌తో వస్తే రెండోది బహుశా నిద్రలేచిన పాత ఫేజ్. వరుసలను పోల్చే బ్లాస్ట్ సాధనంలో బ్యాక్టీరియా జీనోమ్‌తో పోల్చి చూస్తే తేలిపోతుంది. రెండింటికీ కవరేజ్ దగ్గరదగ్గరగా ఉంటే మాత్రం మీ ప్లాక్‌లో రెండు ఫేజ్‌లు ఉన్నాయని అనుమానించి, శుద్ధి దశకు వెనక్కి వెళ్లడమే నిజాయితీ. కంప్యూటర్‌లో విడదీసి రెండు జీనోమ్‌లుగా ప్రచురించవచ్చు గానీ, మీ గొట్టంలో ఉన్నది అప్పటికీ మిశ్రమమే. దాంతో చేసే ఏ పరీక్షకూ అర్థం ఉండదు.

జీనోమ్ పూర్తయిందా లేదా అని చెక్‌వీ సాధనం ఒక అంచనా ఇస్తుంది. రీడ్స్‌ను తిరిగి కాంటిగ్ మీద పరచి, ఎక్కడైనా కవరేజ్ కుప్పకూలిందేమో కళ్లతో కూడా చూడండి.

5. కొనలు ఎక్కడ?

ఈ మెట్టును తేలిగ్గా తీసుకుని తప్పు ప్రచురించినవాళ్లు చాలామంది ఉన్నారు. ఫేజ్ తలలో డీఎన్ఏ ఒక సూటి పోగు. కానీ అసెంబ్లర్‌కు అది వలయంలా కనిపిస్తుంది, ఆ వలయాన్ని తనకు తోచిన చోట తెంచి ఇస్తుంది. కాబట్టి మీ ఫైలులోని మొదటి అక్షరం ఫేజ్ మొదటి అక్షరం కానక్కరలేదు.

పెనిబాసిల్లస్ లార్వే ఫేజ్‌లలో రెండు పద్ధతులు కనిపించాయి. 38 నుంచి 45 వేల అక్షరాలవి కాస్ పద్ధతివి: రెండు కొనల్లోనూ ఒక పోగు కొద్ది అక్షరాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, ఆ రెండు కొనలూ ఒకదానికొకటి సరిపోయి బ్యాక్టీరియాలోకి వెళ్లగానే అతుక్కుంటాయి. 50 నుంచి 55 వేలవి డీటీఆర్ పద్ధతివి: కొన్ని వందల అక్షరాల ఒకే వరుస రెండు కొనల్లోనూ ఉంటుంది. ట్రిప్ అనే ఫేజ్‌లో ఈ పునరావృతం 378 అక్షరాలు.

ఫేజ్‌టర్మ్ సాధనం రీడ్స్ మొదలయ్యే చోట్లను లెక్కపెట్టి కొనలను కనిపెడుతుంది. దాని మాట ఒక్కటే నమ్మకుండా కవరేజ్ గ్రాఫ్ కూడా చూడండి. డీటీఆర్ ఫేజ్‌లో అసెంబ్లర్ ఆ పునరావృతాన్ని ఒక్కసారే రాస్తుంది. అందుకే ఆ కొన్ని వందల అక్షరాల మేర కవరేజ్ మిగతాచోట కంటే రెట్టింపై గట్టులా లేచి కనిపిస్తుంది. ఆ భాగాన్ని రెండో కొనలో మీరే మళ్లీ చేర్చాలి. కాస్ ఫేజ్‌లో గట్టు ఉండదు, ఒకే చోట చాలా రీడ్స్ ఒక్కసారిగా మొదలై, అక్కడే ఆగిన గీత కనిపిస్తుంది.

ఒక ఉచ్చు ఉంది, చూసుకోండి. స్పేడ్స్ వలయాకార జీనోమ్‌ను ఇచ్చేటప్పుడు రెండు కొనల్లోనూ సరిగ్గా 55, 77 లేదా 127 అక్షరాల ఒకే వరుసను వదులుతుంది. అది సాధనం వాడిన కె-మెర్ (అతికించడానికి రీడ్స్‌ను కోసుకునే చిన్న ముక్క) పొడవు, ఫేజ్‌కు సంబంధం లేదు. దాన్ని చూసి డీటీఆర్ దొరికిందని మురిసిపోకండి. ఒక కాపీని కత్తిరించేయండి. 127 అక్షరాల డీటీఆర్ అని ఎక్కడైనా రాసి ఉంటే నేనైతే నమ్మే ముందు ముడి రీడ్స్ అడుగుతాను.

కొన తెలిశాక జీనోమ్‌ను అక్కడ మొదలయ్యేలా తిప్పి పెట్టండి. తోక, తల జీన్‌లు ముందుకు వచ్చే దిశలో ఉంచడం ఈ ఫేజ్‌లలో వాడుక. మిగతావాళ్ల జీనోమ్‌లతో పోల్చడానికి ఇదే వీలు.

6. జీన్‌లను గుర్తించడం

ఫరోక్కా అనే సాధనం ఫేజ్‌ల కోసమే తయారైంది. జీన్‌లను కనిపెట్టి, ఫ్రాగ్స్ అనే ఫేజ్ ప్రోటీన్ కుటుంబాల నిధితో పోల్చి, టీఆర్ఎన్ఏలను కూడా వెతికి పెడుతుంది. ఇది మొదటి ముసాయిదా మాత్రమే. దాన్నే తుది ఫలితంగా ప్రచురించడం ఇప్పుడు మామూలైపోయింది. నాకు అది నచ్చదు. అరవై డెబ్బై జీన్‌లను ఒక్కొక్కటిగా చూడటం రెండు మూడు రోజుల పని, అంతే.

అరవై డెబ్బయ్యే ఎందుకు? ఫేజ్‌లో జీన్ సగటు పొడవు 600 అక్షరాల చుట్టూ ఉంటుంది. మీకు 41 వేల అక్షరాల జీనోమ్‌లో 40 జీన్‌లే వచ్చినా, 120 వచ్చినా ఏదో తేడా జరిగినట్టే.

చేతితో చూసేటప్పుడు కొన్ని విషయాలు పట్టించుకోండి. ఫేజ్‌లకు చోటు తక్కువ కాబట్టి జీన్‌ల మధ్య ఖాళీ దాదాపు ఉండదు. ఒక జీన్ ముగింపు, తర్వాతి జీన్ మొదలు ఒకదాని మీద ఒకటి ఒకటో నాలుగో అక్షరాలు ఎక్కి ఉండటం మామూలే. వంద అక్షరాలు దాటిన ఖాళీ కనబడితే అక్కడ చిన్న జీన్ తప్పిపోయిందేమో చూడాలి. నియంత్రణ భాగాల దగ్గర నిజమైన ఖాళీలూ ఉంటాయి, బలవంతంగా జీన్‌తో నింపేయకండి. పక్కపక్క జీన్‌లు ఒకే దిశలో గుంపుగా సాగుతాయి. పది జీన్‌లు ఒక దిశలో ఉండి మధ్యలో 130 అక్షరాలది ఒక్కటి ఎదురు దిశలో ఉంటే అది చాలావరకు సాధనం భ్రమ.

మొదలు అక్షరాలు ఏటీజీ మాత్రమే కావు, జీటీజీ, టీటీజీ కూడా ఉంటాయి. వాటికి కొద్దిగా ముందు ఏజీజీఏజీజీ లాంటి రైబోజోమ్ పట్టు ఉన్నదాన్ని ఎంచుకోండి. ఈ బ్యాక్టీరియా గ్రామ్ పాజిటివ్ కాబట్టి ఆ పట్టు సాధారణంగా బాగానే కనిపిస్తుంది.

పొడవాటి తోకున్న ఫేజ్‌లో ఒక ముచ్చటైన చోటు ఉంది. తోక గొట్టం జీన్ తర్వాత, టేప్ మెజర్ ప్రోటీన్ ముందు రెండు చిన్న జీన్‌లు వస్తాయి. రైబోజోమ్ కొన్నిసార్లు అక్కడ ఒక అక్షరం వెనక్కి జారి, రెండింటినీ కలిపి ఒకే పెద్ద ప్రోటీన్‌గా చదువుతుంది. సాధనాలు దీన్ని పట్టుకోలేవు. ఒకే అక్షరం వరుసగా సాగే జారుడు చోటును మీరే వెతకాలి. ఆ పక్కనే ఉండే టేప్ మెజర్ సాధారణంగా జీనోమ్‌లోకెల్లా పొడవైన జీన్లలో ఒకటి. దాని ప్రోటీన్ పొడవే తోక పొడవును నిర్ణయిస్తుంది: వెయ్యి అమైనో ఆమ్లాలకు సుమారు 150 నానోమీటర్లు. మీ దగ్గర ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటో ఉంటే తోక కొలిచి చూడండి. లెక్క అస్సలు కుదరకపోతే మీరు సీక్వెన్స్ చేసిన ఫేజ్, ఫోటో తీసిన ఫేజ్ ఒకటేనా అని అడగాల్సి వస్తుంది.

7. ఏ జీన్ ఏం చేస్తుంది

బ్లాస్ట్‌తో మొదలుపెట్టండి, కానీ దాని మొదటి ఫలితంలో ఉన్న పేరును కాపీ కొట్టకండి. ఎవరో ఎప్పుడో తప్పుగా పెట్టిన పేరును పదిమంది కాపీ కొడితే, పదకొండోవాడికి అది స్థిరపడిన సత్యంలా కనిపిస్తుంది. ఫేజ్ డేటాబేస్‌లలో ఈ రోగం ముదిరింది. అనుమానం ఉన్న ప్రోటీన్‌ను హెచ్‌హెచ్‌ప్రెడ్‌లో పెట్టండి. అది అక్షరాల పోలిక తక్కువగా ఉన్నా ఆకృతి కుటుంబాన్ని పట్టుకోగలదు. సంభావ్యత 90 శాతం పైన ఉందా, పోలిక ప్రోటీన్‌లో ఎక్కువ భాగానికి ఉందా, రెండూ చూడండి. వంద అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో ఇరవైకి మాత్రమే పోలిక దొరికితే అది రుజువు కాదు.

జీన్ ఉన్న చోటు కూడా సాక్ష్యమే. ముందు భాగంలో వరుస దాదాపు ఇలా సాగుతుంది: చిన్న టెర్మినేస్, పెద్ద టెర్మినేస్ (డీఎన్ఏను తలలోకి సర్దేవి), పోర్టల్ (తల ద్వారం), ప్రొటియేస్, తల పెంకు ప్రోటీన్, తల-తోక అతుకులు, తోక గొట్టం, టేప్ మెజర్, తోక కొన. పోర్టల్, తల పెంకుల మధ్య ఉన్న పేరులేని జీన్‌కు హెచ్‌హెచ్‌ప్రెడ్ ప్రొటియేస్ అని బలహీనంగా చెప్పినా ఆ చోటు దానికి బలం ఇస్తుంది. అదే బలహీనమైన ఫలితం వెనక భాగంలో వస్తే ఆ పేరు రాయకండి.

తోక జీన్‌ల తర్వాత హోలిన్, ఎండోలైసిన్ కోసం చూడండి. హోలిన్ కణ పొరకు రంధ్రం చేస్తుంది, ఎండోలైసిన్ ఆ దారిలో బయటికెళ్లి కణం గోడను కోస్తుంది. 2018లో పోల్చిన 48 ఫేజ్‌లలోనూ ఎండోలైసిన్ ఒకే రకం: ఎన్-ఎసిటైల్‌మ్యురమాయిల్-ఎల్-అలనిన్ అమిడేస్. మీ ఫేజ్‌లో అది కనబడకపోతే కొత్తదేదో దొరికిందనుకునేముందు అసెంబ్లీలో ముక్క పోయిందేమో చూసుకోండి.

మిగిలిన సగం జీన్‌లకు పేరు దొరకదు. వాటికి హైపొథెటికల్ ప్రోటీన్ అని రాయండి. ఏదో ఒకటి రాద్దామనే తాపత్రయం వద్దు.

8. చంపేదా, కాపురం పెట్టేదా

ఇంతదాకా చేసిందంతా ఈ మెట్టు కోసమే. బ్యాక్టీరియా డీఎన్ఏలో కలిసిపోయి దానితోపాటే నకలై తరతరాలుగా సాగే ఫేజ్‌ను టెంపరేట్ ఫేజ్ అంటారు. మందుగా ఇది మూడు విధాలా చేటు. కలిసిపోయిన చోట బ్యాక్టీరియా బతుకుతుంది. అంతటితో ఆగక, అదే రకం ఫేజ్ మళ్లీ వచ్చినా లొంగని రక్షణ దానికి దొరుకుతుంది. పైగా ఫేజ్ మోసుకొచ్చిన జీన్‌లు బ్యాక్టీరియా సొంతమవుతాయి. మనుషుల్లో డిఫ్తీరియా విషం తయారయ్యేది అలా ఒక ఫేజ్ తెచ్చిన జీన్ వల్లే. కలరా విషం కథా అంతే.

చూడాల్సిన మొదటి జీన్ ఇంటిగ్రేస్, ఫేజ్ డీఎన్ఏను బ్యాక్టీరియా డీఎన్ఏలో కలిపేది. ఇది రెండు కుటుంబాల్లో ఉంటుంది, టైరోసిన్ రకం, సెరిన్ రకం. చాలామంది టైరోసిన్ రకం కోసమే వెతికి, లేదనగానే సంతోషిస్తారు. సెరిన్ రకమైన పెద్ద సెరిన్ రీకాంబినేస్ ఉందేమో కూడా చూడాలి. తర్వాత రిప్రెసర్, ఫేజ్ చంపే జీన్‌లను అణచి ఉంచేది. ఇది సాధారణంగా ఎదురెదురు దిశల్లో చదివే రెండు చిన్న జీన్‌ల జంటలో ఒకటి, దానికి ఎదురు పనిచేసే క్రో లాంటిది రెండోది. ఆంటీరిప్రెసర్ (రిప్రెసర్‌ను అడ్డుకునేది), ఎక్సిషనేస్ (కలిసిన ఫేజ్ డీఎన్ఏను బయటికి తీసేది) దొరికితే ఇక సందేహం అక్కర్లేదు. బ్యాక్‌ఫ్లిప్ అనే సాధనం ఇలాంటి ప్రోటీన్ గుర్తులను బట్టి సంభావ్యత లెక్కకట్టి ఇస్తుంది. దాన్ని రెండో అభిప్రాయంగా వాడండి.

ఇప్పుడు చేదు నిజం. మీకు దొరికే పెనిబాసిల్లస్ లార్వే ఫేజ్‌లో ఇంటిగ్రేస్ ఉండే అవకాశమే ఎక్కువ. ఇప్పటిదాకా చదివినవాటిలో అత్యధికం టెంపరేట్ రకమే. ప్లాక్ అద్దంలా స్వచ్ఛంగా ఉందన్నది రుజువు కాదు. రిప్రెసర్ చెడిపోయిన టెంపరేట్ ఫేజ్ కూడా అలాగే కనిపిస్తుంది. ఇంటిగ్రేస్ లేదన్నంత మాత్రాన నిశ్చింత కూడా కుదరదు. కొన్ని ఫేజ్‌లు డీఎన్ఏలో కలవకుండా ప్లాస్మిడ్‌లా (విడి డీఎన్ఏ వలయంలా) పక్కన ఉండిపోతాయి, వాటికి విభజన జీన్‌లు ఉంటాయి.

పోర్చుగల్ బృందమే 2019లో ఏపీఐ480 అనే ఫేజ్‌ను వివరించింది. ఈ బ్యాక్టీరియాకు పట్టే పొట్టి తోక ఫేజ్‌లలో అదే మొదటిది. 45,026 అక్షరాలు, 77 జీన్‌లు. వాటి ప్రోటీన్‌లలో కొన్నింటిని మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిజంగా పట్టుకుని చూశారు. పొడవు చూస్తే మిగతావాటిలాగే ఉంది, వరుస చూస్తే వాటితో చుట్టరికం దాదాపు లేదు. వెతకాల్సినవి ఇలాంటివి. రాణి, సితారల అక్కచెల్లెళ్లు ఇంకో పది దొరికినా జ్ఞానానికి మంచిదే గానీ, పెట్టెకు పెద్దగా ఉపయోగం లేదు.

విషపు జీన్‌లు, యాంటీబయాటిక్ నిరోధక జీన్‌ల కోసం వీఎఫ్‌డీబీ, కార్డ్ డేటాబేస్‌లతో పోల్చండి. అవి ఎక్కువగా మనుషుల జబ్బు బ్యాక్టీరియా మీద కట్టినవి. తేనెటీగ బ్యాక్టీరియా విషాలు అందులో తక్కువ. అందుకే తోక జీన్‌ల తర్వాత, జీనోమ్ కొసల దగ్గర పేరులేని పెద్ద ప్రోటీన్‌లు ఏమైనా ఉంటే వాటిని విడిగా హెచ్‌హెచ్‌ప్రెడ్‌లో చూడండి. ఏడీపీ-రైబోసిల్‌ట్రాన్స్‌ఫెరేస్ లాంటి విష ప్రోటీన్ కుటుంబం కనబడితే ఆ ఫేజ్‌ను మందు జాబితాలోంచి తీసేయండి.

9. బ్యాక్టీరియా గుర్తుపడుతుందా

ఈ బ్యాక్టీరియా రకాల జీనోమ్‌లలో క్రిస్పర్ వరుసలు ఉన్నాయి. గతంలో దాడిచేసిన ఫేజ్‌ల ముక్కలు వాటిలో దాచి ఉంటాయి. జెన్‌బ్యాంక్‌లోని పెనిబాసిల్లస్ లార్వే జీనోమ్‌ల నుంచి ఆ ముక్కలను తీసి మీ ఫేజ్‌తో పోల్చండి. ఎక్కువ రకాల్లో పోలిక దొరికితే మీ ఫేజ్ వాటికి పాత పరిచయమే అన్నమాట. ఆ రకాలు లొంగుతాయో లేదో ప్లేటు మీద పరీక్షించాల్సిందే.

10. చుట్టాలెవరు

విరిడిక్ సాధనంతో మీ జీనోమ్‌ను తెలిసినవాటన్నింటితో పోల్చండి. మొత్తం జీనోమ్ మీద అక్షరాల పోలిక 95 శాతం దాటితే ఒకే జాతి, 70 శాతం దాటితే ఒకే ప్రజాతి అని వైరస్ వర్గీకరణ కమిటీ వాడుక. ఫెర్న్‌వైరస్, హారిసన్‌వైరస్, వేగస్‌వైరస్, హాల్సియోన్‌వైరస్ అనే ప్రజాతులు ఈ ఫేజ్‌లవే. సైఫోవిరిడే, పోడోవిరిడే అన్న పాత కుటుంబ పేర్లను 2022లో రద్దుచేశారు. తోక ఆకారాన్ని వర్ణించడానికి సైఫోవైరస్, పోడోవైరస్ అనొచ్చు, వర్గం పేరుగా మాత్రం రాయకండి. బొమ్మ కోసం క్లింకర్ బాగుంటుంది: రెండు జీనోమ్‌ల జీన్‌లను బాణాలుగా గీసి, పోలిక ఉన్నవాటిని పట్టీలతో కలుపుతుంది. ముందు సగమంతా పట్టీలు దట్టంగా, వెనక సగం పలచగా కనబడితే ఆశ్చర్యపోకండి, ఈ ఫేజ్‌ల తీరే అంత.

ఫేజ్ పనికిరాదని తేలితే

పారేయకండి. టెంపరేట్ ఫేజ్‌లోని ఎండోలైసిన్ జీన్‌ను విడిగా తీసి, ఇ-కోలైలో తయారుచేయించి, ఆ ప్రోటీన్‌నే వాడొచ్చు. ప్రోటీన్ బ్యాక్టీరియా డీఎన్ఏలో కాపురం పెట్టదు కదా. పీఎల్23 ఫేజ్ ఎండోలైసిన్‌తో పోర్చుగల్‌లో ఇదే చేశారు. పెనిబాసిల్లస్ లార్వే కణం గోడను అది కోయగలిగింది. స్పోర్‌లను మాత్రం ఇది కూడా చంపదు.

ఇంకో వింత దారి అమెరికాలో ప్రయత్నించారు. పట్టులో ఉండే బ్రెవిబాసిల్లస్ లాటెరోస్పోరస్ అనే మరో బ్యాక్టీరియాకు పట్టే ఫేజ్‌లను వదిలితే, ఆ బ్యాక్టీరియా పగిలేటప్పుడు విడుదల చేసే విషం పెనిబాసిల్లస్ లార్వేను చంపుతుంది. అంటే మీ దగ్గర ఉన్న ఫేజ్ అసలు శత్రువుకు పట్టకపోయినా ఉపయోగపడే అవకాశం ఉంది.

11. జెన్‌బ్యాంక్‌కు పంపడం

ముడి రీడ్స్‌ను ఎస్ఆర్ఏ అనే ఎన్‌సీబీఐ రీడ్స్ నిధిలో, జీనోమ్‌ను జెన్‌బ్యాంక్‌లో పెట్టండి. వ్యాసం వచ్చేదాకా బయటపెట్టవద్దని తేదీ ఇచ్చే వీలుంది. పంపేముందు ఆగుగుర్తు లేని జీన్‌లు, ఒకే చోట రెండుసార్లు గుర్తించిన జీన్‌లు, స్పెల్లింగ్ తేడాతో రెండు రకాలుగా రాసిన ఒకే ప్రోటీన్ పేర్లు ఉన్నాయేమో చూడండి. జారుడు జీన్‌కు రెండు ముక్కల స్థానాలనూ కలిపి చూపించే పద్ధతిలో రాయాలి, లేకపోతే తిప్పి పంపుతారు. ఏ బ్యాక్టీరియా రకం మీద పెంచారో, నమూనా ఏ ఊళ్లో దేనిలోంచి ఏ నెలలో తీశారో, లైబ్రరీ పద్ధతి ఏదో, కొనలను ఎలా నిర్ణయించారో తప్పకుండా రాయండి. చివరి రెండూ చాలా రికార్డుల్లో ఉండవు. పేరు పెట్టేముందు అదే పేరు ఇంకో ఫేజ్‌కు లేదని వెతికి చూసుకోండి. రాణి, సితార పేర్లు అయితే పోయాయి.